నిలబడవలసిన చెవులు

పోయిన వారం మనం మౌలాను సరుగుడు తోపులో వదిలేసి వచ్చాం. చేతిలో పార, ఎదురుగా అప్పుడే పూడ్చిన చిన్న గుంత. ఆ గుంతలో ఉన్నది రాణి. మైపాడు సముద్రపొడ్డున ఉన్న కామాక్షయ్య బంగళాకు నీలగిరిలో ఎవరో దొర తోట నుంచి వచ్చిన రెండు గ్రేట్ డేన్ పిల్లల్లో ఆడది. ఈ జాతికి చెవులు పుట్టుకతో వాలి ఉంటాయి. పసితనంలోనే కొంత కోసేసి, కుట్లు వేసి, అట్టముక్కలతో కట్టి ఉంచితే నిక్కి నిలబడతాయి. అలా నిలబడితేనే మద్రాసు డాగ్ షోలో జడ్జీల కంటికి ఆనతాయని కామాక్షయ్య నమ్మకం. కత్తి పెట్టకముందే, క్లోరోఫారంతోనే రాణి నిద్రపోయింది. మళ్ళీ లేవలేదు.

మిగిలింది మగపిల్ల, డ్యూక్. తెల్లటి ఒంటి మీద అక్కడక్కడా సిరా ఒలికినట్టు నల్లమచ్చలు. "శుక్రవారం వీడికి చేద్దాం. ఇంకా ఆలస్యమైతే చెవి ముదిరిపోతుంది, నిలబడదు" అన్నాడు కామాక్షయ్య, గుంత ఇంకా పూడకముందే. కళ్ళు తుడుచుకుని అన్నాడా అంటే, తడిస్తే కదా తుడుచుకోవడానికి!

కుక్కల్ని సాకే మౌలా ఆ పూట ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నాడే గాని ముద్ద దిగలేదు. అప్పుడు అతని అక్క సర్దార్‌బీ భుజం తట్టి, డ్యూక్ గురించి చేతులతో ఏదో చెప్పింది. సర్దార్‌బీకి పుట్టినప్పటి నుంచీ చెవులు వినపడవు, నోట మాట లేదు. ఆమె చెప్పిందేమిటో చెప్పకుండా ఆపేశానని మీలో కొందరికి నా మీద కోపం వచ్చి ఉంటుంది. ఇప్పుడు చెబుతాను. విన్నాక నా మీద కోపం పోతుందేమో గాని, మనసుకు మాత్రం హాయిగా ఉండదు.

రాణిని బల్ల ఎక్కించిన రోజు తమ్ముడికి క్యారియర్ తీసుకుని సర్దార్‌బీ బంగళాకు వచ్చింది. అందరూ బల్ల చుట్టూ మూగి ఉన్నారు. సముద్రం గాలికి కిటికీ తలుపు ధడాలున కొట్టుకుంది. వంటమనిషి ఉలిక్కిపడ్డాడు, కామాక్షయ్య భార్య ఇందిరమ్మ గుండె పట్టుకుంది, గోడ మీది కాకి ఎగిరిపోయింది. సర్దార్‌బీకి ఆ చప్పుడు తెలియదు. కానీ అందరూ ఒక్కసారిగా తల తిప్పితే అటు చప్పుడేదో అయ్యిందని ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆమె లోకాన్ని అలాగే వింటుంది, పక్కవాళ్ళ మెడలను చూసి. ఆ రోజు ఆ గుంపులో తల తిప్పని ప్రాణి తను కాక ఇంకొకటి ఉందని గమనించింది. డ్యూక్ నేల మీద బోర్లా పడుకుని, చీమల బారును చూస్తూ తోక ఊపుతోంది.

అందుకే ఆ రాత్రి అన్నం ముందు ఆమె తన చెవి పట్టుకుని, వేలు అటూ ఇటూ ఊపి, గుండె మీద చెయ్యి వేసుకుని, బంగళా వైపు చూపించింది. వాడూ నాలాంటి వాడే.

మౌలా నమ్మలేదు. "వాడా? కూర్చో అంటే కూర్చుంటాడు, రా అంటే వస్తాడు. మన ఇంట్లో పిల్లలకన్నా చెప్పిన మాట ఇంటాడు గదా" అని భార్య నూర్‌బీతో అన్నాడు. అన్నప్పుడు తన చేతుల్ని తానే చూసుకున్నాడు. 'కూర్చో' అన్న చోట కుడిచెయ్యి కిందికి వాలింది. 'రా' అన్న చోట వేళ్ళు లోపలికి ముడుచుకున్నాయి. తల్లి పోయాక మౌలాను పెంచింది సర్దార్‌బీ. నోటి మాటకన్నా ముందు చేతి మాట నేర్చుకున్నవాడు అతను. ఇప్పటికీ నోరు ఏది చెబితే చెయ్యి దాన్నే చెబుతుంది, అతనికి తెలియకుండానే. కుక్కపిల్ల ఇన్నాళ్ళూ చూసింది ఆ చేతినే.

మర్నాడు చేతులు వీపు వెనక కట్టుకుని డ్యూక్ ముందు నిలబడ్డాడు. "కూర్చో" అన్నాడు. డ్యూక్ అతని మొహంలోకి ప్రేమగా చూసింది. "కూర్చోరా నాయనా" అన్నాడు. పెదాలు నాకబోయింది. చెయ్యి ముందుకు తెచ్చి, నోరు మెదపకుండా కిందికి వాల్చాడు. టపీమని కూర్చుంది.

ఇక్కడో సంగతి చెప్పాలి. పోయినేడు మద్రాసు వెళ్ళి ఏ బహుమతీ లేకుండా తిరిగొచ్చిన పాత కుక్కను కామాక్షయ్య ఆ వారంలోనే సరుగుడు తోపులోకి తీసుకుపోయాడు. వెళ్ళేటప్పుడు గొలుసు, తుపాకి, కుక్క. వచ్చేటప్పుడు గొలుసు, తుపాకి. చెవుల తీరు బాగాలేని కుక్కకే ఆ గతి పడితే, చెవులే వినపడని కుక్కకు ఏ గతి పడుతుందో మౌలాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"చెప్తే తుపాకి. చెప్పకపోతే కత్తి" అంది నూర్‌బీ. కుక్కను ముట్టుకుని వచ్చిన మొగుణ్ణి బావి దగ్గర నిండా తడిపితే గాని గడప తొక్కనివ్వని మనిషి ఆమె. "కత్తే నయం. బతికినా బతకొచ్చు. నోరు మూసుకోని ఉండు."

"రాణి బతికిందా?"

నూర్‌బీ చేద అందుకుంది. మళ్ళీ నీళ్ళు తోడటానికి పోయింది.

మౌలా నోరు మూసుకుని ఉండలేకపోయాడు. శుక్రవారం పొద్దున వంటింటి గుమ్మం దగ్గర ఇందిరమ్మకు మాత్రం చెప్పాడు. రాణి పోయిన దగ్గర నుంచి ఆమె సరిగ్గా తినడం లేదు. అంతా విని, వరండా వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "ఆయనకు ఈ సంగతి తెలియకూడదు మౌలా. నేను వేరేగా చెప్పి చూస్తా. చెవుల ఊసే వదిలెయ్యమంటా. నువ్వు మాత్రం నోరు జారబాక" అంది.

స్వాతి కార్తె వానలు రెండు రోజులు తెరిపిచ్చాయి. వరండా ముందు వాకిట్లో బల్ల వేశారు. జకరయ్య సంచీ విప్పి దూది, కత్తెర, స్పిరిటు సీసా ఒక్కొక్కటే బయటపెడుతున్నాడు. మిలిటరీలో గుర్రాల దగ్గర కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. దొరల కుక్కలకు ఎన్నో చెవులు చేశానని చెప్పుకుంటాడు. అది నిజమే కావచ్చు. రాణి తన చేతుల్లో చల్లబడిపోయిన దగ్గర నుంచి మాత్రం ఆ చేతులు నిలకడగా లేవు. సీసా మూతకూ సీసాకూ పొత్తు కుదరడం లేదు.

"జకరయ్యా" అన్నాడు కామాక్షయ్య పడకకుర్చీలోంచి. "ఇది కూడా పోయిందనుకో, ఈ జిల్లాలో నీ చేతికి కోడిపెట్టను కూడా ఎవరూ ఇవ్వరు. నేను ఇవ్వనియ్యను."

"దేవుని దయ అయ్యా" అన్నాడు జకరయ్య. అనేసి, ఆ దేవుడు అడ్డుపడి ఈ పని ఇవాళ ఆగిపోతే బాగుండునన్నట్టు గేటు వైపు చూశాడు. గేటులోంచి ఎవరూ రాలేదు.

ఇందిరమ్మ కాఫీ తెచ్చి భర్తకిచ్చి, అక్కడే నిలబడింది.

"నాకు తెలియక అడుగుతా. చెవులు వాలి ఉంటే వచ్చిన నష్టమేంది? పుట్టుకతో వచ్చిన చెవులు గదా అవి."

"పోయినేడు నువ్వు మద్రాసుకు రాలా. వచ్చుంటే ఈ మాట అనవు."

"ఏమైందని? ఎవరో నవ్వినారు. నవ్వితే నవ్వనీండి."

"ఎవరో కాదు. గూడూరు వాళ్ళే. నాతో కలిసి అబ్రకం గనులు తవ్వినోళ్ళే." కామాక్షయ్య కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "జడ్జీ దొర నా కుక్క దగ్గర ఆగను కూడా ఆగలా. దాటుకోని పోయినాడు. వెనక నుంచి ఒకడన్నాడు, కామాక్షయ్య కుక్కనుకోని చెవులు వాలిన నెల్లూరు పొట్టేలును తోలుకొచ్చినాడ్రా అని. షామియానా మొత్తం నవ్వింది. ఈ పొద్దుకీ గూడూరు బజార్లో నా పేరు పొట్టేలు కామాక్షయ్య."

ఆ పేరు ఇందిరమ్మకు తెలుసు. తెలియనట్టే ఉంటూ వచ్చింది.

"రాణి పోయింది గదండీ. ఒకటి చాల్లేదా? వీణ్ణి మద్రాసుకు పంపొద్దు. ఇంట్లో ఉంచుకుందాం. నేను సాక్కుంటా."

"గనిలో నీళ్ళు నిండిపోయినాయి. కూలోళ్ళు పోయినారు. నేను బజార్లోకి పోతే లేచి నిలబడే మనిషి ఒకడు లేడు గూడూరులో." కామాక్షయ్య గొంతు పెద్దది కాలేదు, ఇంకా తగ్గింది. "ఏదో ఒకటి నిలబడాల ఇందిరా ఈ కొంపలో. కుక్క చెవులైనా సరే."

ఈ మాట చదివి మీకు నవ్వు రావచ్చు. ఇందిరమ్మకు రాలేదు. బల్ల పక్కన డ్యూక్ మెడ పట్టుకుని కూర్చున్న మౌలాకూ రాలేదు. ఆ ముసలాయన మీద అతనికి జాలే కలిగింది. జాలి కలిగింది గనకనే ఆ క్షణంలో నోరు విప్పాడు. మనసున్న మనిషికి వాస్తవం చెబితే అర్థం చేసుకుంటాడని ఆశ పుట్టింది. ఆశ పుట్టడానికి వేళాపాళా ఉండదు.

"అయ్యా, ఒక్క మాట. కోసినా లాభం లేదయ్యా. వీడు ఇనడు."

ఇందిరమ్మ చేతిలో పళ్ళెం గలగలమంది.

మౌలా ఇంట్లో 'చెవుడు' అన్న మాట వాడరు. ఊరంతా సర్దార్‌బీని చెవిటిది అని పిలుస్తుంటే చిన్నప్పుడు మౌలా రాళ్ళు తీసుకుని వెంటపడేవాడు. అప్పటి నుంచి ఇంట్లో ఎవరికి చెప్పాల్సి వచ్చినా, మా అక్క ఇనదు అంటారు. అంతే. ఇంటిల్లిపాదికీ ఆ మాటకు ఒకటే అర్థం. ఆ అలవాటు కొద్దీ, కన్నబిడ్డలాంటి కుక్క గురించి కూడా ఆ మాటే వచ్చింది అతని నోట. కానీ లోకంలో మిగతా అందరికీ 'మాట వినడు' అంటే పొగరుబోతు అని గదా అర్థం. కామాక్షయ్యకు అదే అర్థమైంది.

"ఇనడా? ఇన్నాళ్ళూ ముద్దు చేసి నెత్తికెక్కించుకోని, ఇప్పుడు ఇనడంటావా? ఇనేట్టు చెయ్యాల్సింది నువ్వు గదా!"

"అట్ట కాదయ్యా, ఇనడంటే..."

"చెప్పబాక. నేను చూస్తా." కామాక్షయ్య కుర్చీలోంచి లేచి, గోడకు తగిలించిన బెత్తం తీసుకుని మెట్లు దిగాడు. డ్యూక్ అటు వీపు పెట్టి మౌలా చొక్కా గుండీతో ఆడుకుంటోంది. "డ్యూక్!" అని అరిచాడు. గుండీ నోట్లో పెట్టుకుంది. "డ్యూక్, కమాన్!" సముద్రం హోరు మీదుగా ఆ కేక తోపు దాకా పోయింది. డ్యూక్ గుండీ పీకే పనిలో ఉంది.

"నిజమే. ఇనడం లా" అన్నాడు కామాక్షయ్య. బెత్తం లేచింది.

మొదటి దెబ్బకు డ్యూక్ కుయ్యిమని మౌలా ఒళ్ళోకి దూరింది. ఎక్కడి నుంచి వచ్చిందో, ఎందుకు వచ్చిందో తెలియని దెబ్బ. మౌలా మొహంలోకే చూసింది, ఆ మొహమేమైనా చెబుతుందేమోనని. రెండోది వీపు మీద పడుతుండగా మౌలా చెయ్యి అడ్డుపెట్టాడు. మణికట్టు మీద చీరుకుపోయింది.

"కొట్టబాకండయ్యా! అల్లా తోడు, కొట్టబాకండి! వాడికి చెవుడు!"

పుట్టి బుద్ధెరిగాక అతని నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. నూర్‌బీ హెచ్చరిక, ఇందిరమ్మ హెచ్చరిక, చిన్నప్పటి నుంచీ ఆ మాట అనని అలవాటు, అన్నీ ఒక్క బెత్తం దెబ్బకు కొట్టుకుపోయాయి.

జకరయ్య దూది పట్టుకుని అలాగే ఉండిపోయాడు. కామాక్షయ్య బెత్తాన్ని మెల్లిగా బల్ల మీద పెట్టాడు. డ్యూక్‌ను తేరిపారచూశాడు. ఆ చూపులో కోపం కూడా లేదు. పగిలిన అబ్రకం పలకను పక్కకు పారేసే ముందు చూసే చూపు అది. తర్వాత లోపలికి వెళ్ళాడు.

ఎందుకు వెళ్ళాడో అందరికీ తెలుసు. ఇందిరమ్మ ఆయన వెనకే పరిగెత్తింది. లోపల బీరువా తలుపు తీసిన చప్పుడు, ఆమె ఏదో అంటున్న చప్పుడు, ఆయన మెట్లు దిగుతున్న చెప్పుల చప్పుడు మౌలాకు ఒకదాని వెంట ఒకటి వినిపించాయి. ఒళ్ళో ఉన్న దానికి ఏదీ వినిపించలేదు. మణికట్టు మీద నెత్తురు నాకుతోంది.

కామాక్షయ్య చేతిలో రెండు గొట్టాల తుపాకి ఉంది.

"అబద్ధం!" అంది ఇందిరమ్మ, ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడి. "మౌలా చెప్పేది అబద్ధం. వాడికి బాగా ఇనపడుతుంది. నేను వంటింట్లో గిన్నె తీస్తే పరిగెత్తుకోని వస్తాడు. చెవులు కోయిస్తే రాణిలాగా పోతాడని భయపడి, మీరు మానుకుంటారని ఈ కథ కట్టినాడు. పొద్దున నాతో అన్నాడు కూడా, అయ్యకు ఇట్టా చెప్తానని."

అంటూ మౌలా వైపు చూసింది. ఆ చూపును మౌలా చదివాడు. నీ పరువు తీస్తుండా, క్షమించు, తుపాకికన్నా కత్తి నయం గదా అన్న చూపు. ఉన్న రెండు చావుల్లో కాస్త నిదానంగా వచ్చేదాన్ని ఆమె ఎంచుకుంది. పాపం, అంతకన్నా ఎంచుకోవడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు.

"ఏరా?" అన్నాడు కామాక్షయ్య. "అమ్మగారు చెప్పేది నిజమా, నువ్వు చెప్పేది నిజమా?"

మౌలా తల వంచుకున్నాడు. అమ్మగారిది నిజమంటే కత్తి. తనది నిజమంటే తుపాకి.

"మీరిద్దరూ చెప్పక్కర్లా. వాడే చెప్తాడు." కామాక్షయ్య తుపాకి మడిచి తూటా పెట్టాడు. "వాణ్ణి కింద కూర్చోబెట్టు. నువ్వు వాడి ముందర పోయి నిలబడు. నోరు మెదిపినావా, చూడు. వెనక నుంచి పైకి కాలుస్తా. తిరిగినాడా, చెవులున్నట్టు. తిరగలేదా..." తక్కిన మాట అనలేదు. రెండో గొట్టంలో కూడా తూటా పెట్టాడు.

డ్యూక్ వాకిట్లో కూర్చుంది. ఎదురుగా మౌలా. దాని వెనక కామాక్షయ్య. పక్కన బల్ల దగ్గర జకరయ్య. వరండా స్తంభం పట్టుకుని ఇందిరమ్మ.

డ్యూక్ మౌలా మొహం వైపు మెడెత్తి చూస్తోంది. ఆ తెల్లటి మొహంలో దెబ్బ తాలూకు భయం అప్పుడే పోయింది. ఏదో కొత్త ఆట మొదలవుతోందని సంబరంగా ఉంది. మౌలాకు ఏడుపు ముంచుకొచ్చింది.

చిన్నప్పుడు మైపాడు రోడ్డు మీద అక్క చెయ్యి పట్టుకుని నడిచేటప్పుడు వెనక ఎడ్లబండి వస్తే మౌలా అరిచేవాడు కాదు. అరిచి ప్రయోజనం లేదు. ఆమెకు కనపడేలా బొటనవేలును వెనక్కి తిప్పేవాడు. ఆమె చటుక్కున వెనక్కి తిరిగి చూసి, పక్కకు తప్పుకునేది. ఆ సైగ డ్యూక్‌కూ తెలుసు. రాణి వెనక నుంచి వచ్చి తోక కొరకబోతుంటే మౌలా బొటనవేలు తిప్పేవాడు.

ఇప్పుడు ఆ వేలు తిప్పితే డ్యూక్‌కు వినపడినట్టు. తను అబద్ధాలకోరు అయినట్టు. డ్యూక్ బల్ల ఎక్కినట్టు. తిప్పకపోతే అసలు ఏ గొడవా లేదు, అన్నీ ఇక్కడే అయిపోతాయి.

కామాక్షయ్య తుపాకి ఆకాశానికి ఎత్తి, దాని చప్పుడుకు తనే బెదిరే మనిషిలా కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

తొడ పక్కన వేలాడుతున్న మౌలా చేతి బొటనవేలు వెనక్కి తిరిగింది.

తుపాకి పేలడం, డ్యూక్ గిర్రున వెనక్కి తిరగడం ఒకటే అయ్యాయి. తోపులోంచి కొంగలు గుంపుగా లేచిపోయాయి. కామాక్షయ్య కళ్ళు తెరిచేసరికి కుక్కపిల్ల తల ఒకపక్కకు వాల్చి ఆయన్నే చూస్తోంది.

"ఇనపడుతుంది!" అన్నాడు. తుపాకి గోడకు ఆనించి, వంగి, డ్యూక్‌ను రెండు చేతులతో ఎత్తుకున్నాడు. మౌలా ఆయన్ను అంత సంతోషంగా చూసి చాలా కాలమైంది. "ఎంత బ్రహ్మాండంగా ఇనపడుతుందో చూడు ఇందిరా! ఒక్క తూటాకే తిరిగినాడు. మద్రాసులో వీణ్ణి కొట్టేవాడు లేడు." ఆ ముసలి కళ్ళు నిజంగానే తడిశాయి. పాపం, తడవాల్సిన రోజున తడవని కళ్ళు.

తర్వాత మౌలా వైపు తిరిగాడు. "కోయాల్సింది నీ నాలుక. నా ఉప్పు తిని, నా కుక్కకే చెవుడు అంటగట్టినావే! ఈ మాట గూడూరుకు పాకితే నా గతేంది? గేటు బయటికి నడువు. మళ్ళీ ఈ గడప తొక్కినావంటే మర్యాద దక్కదు."

"అయ్యా, ఈ ఒక్క రోజు ఉండనీండి. మెలకువొచ్చేటప్పుడు నేను దగ్గర లేకపోతే వాడు బెదిరిపోతాడు."

"నడువు!"

మౌలా నడిచాడు. వెంటపడబోయిన డ్యూక్ మెడకు అప్పటికే గొలుసు పడింది. అతను కాస్త దూరం వెనక్కి వెనక్కే నడిచాడు, దానికి మొహం కనపడేలా. కూర్చో అని చెయ్యి వాల్చాడు. కూర్చుంది. ఉండు అని అరచెయ్యి చూపాడు. ఉంది. ఎంత సేపు ఉండాలో, ఎందుకుండాలో చెప్పే సైగ అతని దగ్గర లేదు. గేటు బయటికొచ్చి ఊచలు పట్టుకున్నాడు. ఇక ఆ బంగళాలో ఆ కుక్కతో మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు. బతికినా ఎవరి చెయ్యి చూసి బతకాలి? రేపటి నుంచి ప్రతివాడూ పిలుస్తాడు, పలకలేదని ప్రతివాడూ కొడతాడు. నూర్‌బీ అన్నట్టు కత్తి నయమని ఒప్పుకున్నాడు గాని, కత్తి దాటాక ఏముందో నూర్‌బీ చెప్పలేదు, తనూ ఆలోచించలేదు.

"జకరయ్యా, ఇక కానియ్యి" అని కామాక్షయ్య వరండా ఎక్కి, పడకకుర్చీలో వాలి, చుట్ట వెలిగించుకున్నాడు. కత్తి చూడటం ఆయనకు చేతకాదు. బల్లకు వీపు పెట్టి సముద్రం వైపు కూర్చున్నాడు. తుపాకి పక్కనే గోడకు ఆని ఉంది. రెండో గొట్టంలో తూటా అలాగే ఉంది.

జకరయ్య డ్యూక్‌ను బల్ల మీద పడుకోబెట్టాడు. కళ్ళు, ముక్కు మూసుకునేలా మడతపెట్టిన గుడ్డ కప్పాడు. డ్యూక్‌కు ఇప్పుడు లోకం పూర్తిగా మూసుకుపోయింది. కాళ్ళు కొట్టుకుంటుంటే వంటమనిషి అదిమి పట్టుకున్నాడు. క్లోరోఫారం సీసా అందుకోబోయిన జకరయ్య చెయ్యి వణికి, పక్కనున్న స్టీలు ట్రేకు తగిలింది. కత్తెర, సూదులు, ట్రే అన్నీ కలిసి రాతి పలకల మీద భళ్ళున పడ్డాయి. కామాక్షయ్య కుర్చీలో ఉలిక్కిపడ్డాడు. ఇందిరమ్మ కెవ్వుమంది. గేటు బయట మౌలా అదిరిపోయాడు.

గుడ్డ కింద నుంచి బయటికి వేలాడుతున్న డ్యూక్ చెవి వెంట్రుక వాసి కూడా కదలలేదు.

"ఏందయ్యా అది?" అన్నాడు కామాక్షయ్య, తల తిప్పకుండానే.

"చెయ్యి జారింది అయ్యా" అన్నాడు జకరయ్య.

ట్రే ఎత్తడానికి వంగలేదు. ఆ చెవి వైపే చూస్తూ ఉండిపోయాడు. ఇందాక పక్క నుంచి తన కంటపడిన బొటనవేలు ఎందుకు తిరిగిందో అప్పుడు అర్థమైంది అతనికి. మెల్లిగా తలెత్తి గేటు వైపు చూశాడు. ఈ నిజం బయటపడితే కత్తి పట్టాల్సిన పని లేదు. రెండో కుక్క కూడా జకరయ్య చేతిలో పోయిందనే మాట రాదు. తన పేరు దక్కుతుంది, వణికే ఈ చేతులకు సెలవు దొరుకుతుంది. కుక్క సంగతి అంటారా, దానికి తుపాకి ఉంది.

మౌలా ఊచలు వదిలేసి రెండు చేతులూ పైకెత్తి దణ్ణం పెట్టాడు. వద్దన్నట్టు తల ఊపాడు.

జకరయ్య ఆ చేతుల్ని చూశాడు. చూసి, కళ్ళు దించుకుని, క్లోరోఫారం సీసాకు మూత బిగించాడు. ఈసారి మూత సరిగ్గా పట్టింది.

"అయ్యా" అని పిలిచాడు వరండా వైపు తిరిగి. "తమరొకసారి ఇట్ట రండి."